తలుపు దగ్గరి కుర్చీ

తలుపుకి దగ్గరగా ఉండే కుర్చీ నాది.
ఇది భయం కాదు, మొదటి ఏడాది నేర్చుకున్న పాఠం.
లేచి వెళ్ళిపోయే దారి
నాకూ ఉండాలి, ఎదుటివాడికీ అడ్డు ఉండకూడదు.
మెడలోని కార్డు తాడు తీసి జేబులో కుక్కుతాను.
ఇంకో జేబులో సిరంజి,
అవసరం పడకూడదని మొక్కుకునే ఆయుధం.

వాల్పరైసో కొండలమీద పొగమంచు దిగింది.
రేవులో ఓడ కూస్తోంది,
చీకట్లో ఎవరో ముసలాయన గొంతు సవరించుకున్నట్టు.
నా పాలకాఫీ మీద మీగడ కట్టింది.
సొరుగు నిండా బూట్ల లేసులు, బెల్టులు,
ఒక్కోదానికీ పేరు రాసి అంటించిన చీటీ.
పొద్దున్నే కొందరు అడిగి మరీ తీసుకుంటారు
కొందరు వదులు బూట్లు ఈడ్చుకుంటూ బస్సెక్కేస్తారు.

రెండు దాటాక పోలీసులు తీసుకొచ్చారు
నిబాల్దో కత్రిలేవుని.
నాలుగు రాత్రులుగా కంటిమీద కునుకు లేదు.
వీధి వీధంతా తలుపులు బాదాడట
"లేవండి, కొండ జారుతోంది" అని.
చేతులు విప్పమన్నాను.
విప్పారు, నావైపు అదోలా చూస్తూ.

ముప్ఫై ఒక్క ఏళ్ళు
కొండెక్కే లిఫ్టు నడిపినవాడు.
"రెండు డబ్బాలు, దొక్తోరా, ఒకే తాడు.
ఒకటి దిగితేనే ఇంకోటి ఎక్కేది.
లిఫ్టు మూసేశారు. రెండూ కదలడం మానేశాయి.
మరి కొండని పట్టుకునేదెవరు?"
ఎంత శుభ్రమైన లెక్క!
ఒక్క అంకె తప్పు, మిగతా అంతా సరే.
నేను ఆ అంకె జోలికి పోలేదు.
అన్నం తిన్నారా అని అడిగాను.

తర్వాత అడగాల్సింది అడిగాను.
గొంతు తగ్గించకుండా, మాట మార్చకుండా,
టైమెంతయిందని అడిగినట్టే:
"చచ్చిపోవాలని ఉందా, దోన్ నిబాల్దో?"
"సోమవారం అనుకున్నాను" అన్నాడు.
"ఎవరో ఒకరం దిగాలి కదా
పైవాళ్ళు పైనే ఉండాలంటే."

అప్పుడు కదిలింది.

ముందు గ్లాసులో నీళ్ళు,
తర్వాత దీపం తీగ, అద్దం చట్రం,
ఆపైన నా మోకాళ్ళు.
అతను కదల్లేదు. నా మొహంలోకే చూస్తున్నాడు.
"దొక్తోరా,
ఇది నాకేనా, నీక్కూడానా?"

పదిహేనేళ్ళు పోగేసుకున్న వాక్యాలు,
"మీకలా అనిపిస్తోందన్నమాట" లాంటివి,
ఒక్కటీ నోటికి రాలేదు.
"నాక్కూడా" అన్నాను.

లేచి, మోచెయ్యి పట్టుకుని,
నన్ను తలుపు చట్రం కింద నిలబెట్టాడు.
"చిన్నదే. నాలుగు దాటదు.
ఊపిరి పీల్చు."
పీల్చాను.
బయట నర్సు ఉలిసెస్ ఎవరినో తిడుతున్నాడు,
వీధికుక్కలన్నీ ఒక్కసారిగా మొరిగి మానేశాయి.
కొండ ఉన్నచోటే ఉంది.

అది ఆగాకే ఏడ్చాడు.
అరవైయారేళ్ళ మనిషి,
నా భుజం తడిసేదాకా.
బాగయ్యాడని కాదు.
తెల్లారేలోపు మళ్ళీ కిటికీ దగ్గరికెళ్ళి
కొండని లెక్కపెట్టుకుంటాడని నాకు తెలుసు.
కానీ మాత్ర చేతిలో పెడితే
అటూ ఇటూ తిప్పి చూసి మింగాడు.

వార్డులో పడకల్లేవు.
నాలుగు ఫోన్లు, మూడు "లేదు"లు, ఒక "చూద్దాం".
వరండాలో స్ట్రెచర్ మీద పడుకోబెట్టాం.
గోడవైపు తిరిగి నిద్రపోయాడు.
ఫారంలో స్థలం తెలుసు, కాలం తెలుసు, మనిషి తెలుసు.
లేనివి కనబడుతున్నాయా అన్న గడి దగ్గర
పెన్ను ఆగింది.
భూమి కదిలితే రాయడానికి అందులో చోటు లేదు.

బూట్లు విప్పాను.
గోధుమరంగు లేసులు.
కుడిదాన్లో, మధ్యలో ఎక్కడో తెగిన చోట,
చిన్న ముడి. గట్టిది.
గోటితో విప్పబోయినా రాలేదు.
చీటీ మీద పేరు రాసి
సొరుగు మూశాను.
బెల్లు మోగింది.
నా కుర్చీ ఎక్కడుందా అని చూస్తే
గది మధ్యలో, అతని కుర్చీ పక్కన.